నీళ్ల మీద నెట్టిన జబ్బు

మా ఇంట్లో కిడ్నీ రాళ్లను ఎవరూ రోగమని అనుకోలేదు. నీళ్లే కారణమనుకున్నాం.

పెనుకొండ నుంచి గోరంట్ల పోయే దారిలో, రోడ్డుకు కాస్త లోపలగా ఉంటుంది మా ఊరు. అక్కడి బోరు నీళ్లు కాస్తే గిన్నె అడుగున తెల్లటి పెచ్చు కడుతుంది. పిల్లల పళ్లు గారపడతాయి. ముసలివాళ్ల మోకాళ్లు వంకరపోతాయి. అందుకని మా అవ్వ, నాయన తల్లి, యాభై ఏళ్లకే కట్టె పట్టుకుని నడిచినా, మా నాయన నడుము పట్టుకుని పశువుల కొట్టంలో పొర్లినా ఎవరికీ అనుమానం రాలేదు. ఊళ్లో ఇంటికొకరు అలాగే ఉండేవాళ్లు. నాయన కడుపుమంటకు మాత్రం వేరే కారణం చెప్పేవాళ్లు, సంగటిలోకి పచ్చిమిరపకాయలు ఎక్కువ తింటాడని. నాకు పద్నాలుగేళ్లప్పుడు ఆయన నెత్తురు కక్కుకున్నాడు. పెనుకొండ ఆసుపత్రికి తీసుకుపోతున్న జీపులోనే ప్రాణం పోయింది. అప్పటికి ఆయన వయసు నలభై రెండు. మిరపకాయలు చంపాయని ఊరంతా అంది. మేమూ నమ్మాం.

ఇప్పుడు నాకు నలభై. మెడ మీద అడ్డంగా ఒక గీత ఉంది. రోజుకు తొమ్మిది మాత్రలు వేసుకుంటాను. గండం ఒకటి దాటిందని డాక్టరమ్మ చెప్పింది. చేయి వణకకుండా రాయగలుగుతున్నప్పుడే ఇది రాసిపెట్టాలని కూర్చున్నాను. కొంత నా కోసం. కొంత, మాలాగే ఇంట్లో ఒక్కొక్కరి కష్టానికి ఒక్కొక్క పేరు పెట్టుకుని బతుకుతున్నవాళ్లు ఇంకెక్కడైనా ఉంటే వాళ్ల కోసం.

పెళ్లయి హిందూపురం వచ్చాను. మా ఆయన బోరు మోటార్లకు వైండింగ్ చేసే షాపు నడుపుతారు. మా పాప హర్షితకు రెండేళ్లప్పుడు నాకు మొదటి రాయి వచ్చింది. ఉలవకట్టు తాగాను, అరటిదూట రసం తాగాను, కొండపిండి ఆకు కషాయం తాగాను. అది పడిపోయింది. రెండోది పడలేదు, పగలగొట్టించుకోవాల్సి వచ్చింది. మా ఆయన ఆ రోజు నుంచి క్యాన్ల నీళ్లు తెప్పించారు. ఊరి నీళ్లు మానేసి పదేళ్లు దాటిన తర్వాత మూడోది వచ్చింది. అప్పుడైనా మేం నీళ్లను అనుమానించడం మానలేదు. చిన్నప్పుడు తాగినవి ఎముకల్లో నిలిచిపోయి ఉంటాయి అనుకున్నాం.

రాళ్ల నొప్పి అందరికీ కనిపిస్తుంది. కనిపించనివి వేరే ఉన్నాయి. పొద్దున లేచేసరికే ఒళ్లు బరువు. ఎంత తాగినా తీరని దాహం. పొయ్యి మీద పాలు పెట్టి, ఎందుకు పెట్టానో గుర్తు రాక నిలబడిపోయేదాన్ని. కారణం లేకుండా ఏడుపు వచ్చేది. ఒకసారి హోంవర్క్ చేయలేదని హర్షితను కొట్టాను. దాని చెంప మీద నా వేళ్లు తేలాయి. ఆ సాయంత్రం మా ఆయన అన్నం ముందు కూర్చుని కూడా తినలేదు.

"ఏమైందే నీకు? ఈ ఇంట్లో ఉండబుద్ధి కాకుంటే చెప్పు. మీ తమ్మునింటికి పోయి నాలుగు దినాలుండి రా" అన్నారు.

ఆయన కోపంతో అనలేదు. అలసిపోయి అన్నారు. నాకు అదే ఎక్కువ బాధ కలిగించింది. నా గుణమే ఇంతేమో అనుకున్నాను.

మూడున్నరేళ్ల కిందట, శివరాత్రికి ముందు, మిద్దె మీద ఆరేయడానికి తడిబట్టల బకెట్ ఎత్తాను. మణికట్టు దగ్గర టప్పుమంది. నేను పడలేదు, ఎక్కడా తగల్లేదు. ఎముక విరిగింది. హిందూపురంలో కట్టు కట్టిన కుర్ర డాక్టరు ఎక్స్‌రేను వెలుతురుకు పెట్టి చాలాసేపు చూశాడు.

"ముప్పై ఆరేళ్ల మనిషికి బకెట్ ఎత్తితే ఎముక విరగకూడదమ్మా" అన్నాడు.

నెత్తురు పరీక్షకు పంపాడు. కాల్షియం ఉండాల్సినదానికంటే చాలా ఎక్కువ ఉంది. నమ్మలేక మళ్లీ చేయించాడు, మళ్లీ అంతే. ఎముకల్లో ఉండాల్సింది నెత్తురులోకి పోతోందని, అందుకే రాళ్లని, ఆ తప్పు మెడలో ఉండే చిన్న గ్రంథులదని చెప్పి పుట్టపర్తిలో ఒక ఆసుపత్రికి చీటీ రాసిచ్చాడు. ఆ అబ్బాయి పేరు నేను ఆ రోజు అడగలేదు. తర్వాత పోతే బదిలీ అయి వెళ్లిపోయాడన్నారు.

పుట్టపర్తిలో మమ్మల్ని చూసిన డాక్టరమ్మ మైసూరు వైపు మనిషి. తెలుగు నెమ్మదిగా, పుస్తకం చదివినట్టు మాట్లాడుతుంది. నా స్కాన్ చూసింది. మెడలో నాలుగు గ్రంథులుంటే నాలుగూ ఉబ్బి ఉన్నాయట. సాధారణంగా ఒకటే ఉబ్బుతుందట.

"మీ ఇంట్లో ఇంకెవరికి రాళ్లున్నాయి?" అని అడిగింది.

"మా ఊళ్లో అందరికీ ఉంటాయి మేడం. నీళ్లు అట్లాంటివి."

"ఊరి సంగతి తర్వాత. మీ ఇంటి సంగతి చెప్పండి."

తెల్లకాగితం మీద మగవాళ్లకు చదరం, ఆడవాళ్లకు సున్నా గీస్తూ పోయింది. అవ్వ గురించి చెప్పాను. నాయన ఎలా పోయాడో చెప్పాను. ఆ చదరం మీద అడ్డగీత గీసి పక్కన ఏదో రాసుకుంది.

"నాన్నగారికి తోడబుట్టినవాళ్లు?"

"ఒక చెల్లెలు. ఓబుళమ్మ. ధర్మవరంలో ఉంటుంది."

"ఆమెకు పిల్లలు?"

"లేరు."

"ఎందుకు లేరు?"

అలా ఎవరూ అడగరు. పక్కనే మా ఆయన ఉన్నారు. ఆయనకు కూడా నేను ఎప్పుడూ చెప్పని సంగతి అది. గొంతు తగ్గించి చెప్పాను. "పెళ్లయిన రెండేళ్లకు నెల నెలా వచ్చేది ఆగిపోయిందంట. కడుపు మాత్రం రాలేదు. కానీ... రొమ్ముల్లో పాలు వచ్చేవంట."

పెన్ను ఆగింది.

"ఆమె బతికే ఉన్నారా?"

"ఉంది మేడం."

"కళ్లు ఎలా కనిపిస్తాయి?"

"సరిగా కనిపించవంట. వయసైంది కదా, పొర వచ్చుంటుందని అంటారు."

ఆమె ఆ సున్నా చుట్టూ ఇంకొక సున్నా గీసింది. "ఆమెను తీసుకుని రండి. మీ ఆపరేషన్ కంటే ముందే తీసుకుని రండి" అంది.

తర్వాత చెప్పింది. మెడలోని ఆ నాలుగు గ్రంథులు, తలలో మెదడు కింద చిక్కుడుగింజంత గ్రంథి ఒకటి, కడుపు వెనక ఉండే క్లోమం, ఈ మూడు చోట్లా గడ్డలు పుట్టే జబ్బు ఒకటుందట. ఆ గడ్డలు ఊరికే ఉండవు. ఏ రసాన్ని ఎంత వదలాలో తెలియక ఎక్కువ వదులుతాయి. ఒకటి ఎముకను కరిగిస్తుంది. ఒకటి కడుపులో యాసిడ్ పోసి పుండ్లు పెడుతుంది. ఒకటి బిడ్డ లేని తల్లికి పాలు తెప్పిస్తుంది. మల్టిపుల్ ఎండోక్రైన్ నియోప్లాజియా, మొదటి రకం అని పేరు. పేరు పలకడం నాకు వారం పట్టింది. తల్లి నుంచో తండ్రి నుంచో వస్తుంది, బిడ్డకు వచ్చే అవకాశం సగానికి సగం.

బయటికి వచ్చి బెంచీ మీద కూర్చున్నాం. మా ఆయన నోట్లోంచి వచ్చిన మొదటి మాట, "అంటే, హర్షితకు?"

సగానికి సగం అని ఆయన కూడా విన్నారు.

ఓబుళత్తను నేను చూసి ఆరేళ్లయింది. అమ్మ దినాలప్పుడు వచ్చి, గడప బయటే కూర్చుని, భోంచేయకుండా వెళ్లిపోయింది. అమ్మకూ ఆమెకూ పడదని మాత్రమే నాకు తెలుసు. ధర్మవరంలో ఒక నేతగాళ్ల ఇంట్లో మగ్గానికి దారం కండెలు చుట్టి, ఆ ఇంటి వెనక గదిలోనే ఉండేది. నేను పోయేసరికి రాట్నం ముందు కూర్చుని ఉంది. వాకిలి పక్కగా నిలబడ్డాను. ఆమె తల ఎత్తలేదు.

"అత్తా" అన్నాను.

మెడ మొత్తం తిప్పి, ముఖం నాకు ఎదురుగా పెట్టి చూసింది. "ఎవురు?"

"సునీతను అత్తా. నారాయణప్ప కూతుర్ని."

"సునీతా! ముందుకు రా మే. పక్కన నిలబడితే కానరావు నాకు."

ఆ ఇంటామె టీ తెచ్చిచ్చింది. అత్త రెండు గుక్కలు తాగి గ్లాసును స్టూలు మీద పెట్టాననుకుని గాల్లో వదిలింది. "ఈ మధ్య ఇట్లనే సేస్తాండాదమ్మా" అంది ఇంటామె, నేల తుడుస్తూ. "దోవన పొయ్యేవాళ్లకు తగులుకుంటాండాది. మొన్న ఆటో గుద్దబోయె."

ఆసుపత్రి మాట ఎత్తగానే అత్త రాట్నం గట్టిగా తిప్పింది. "నాకేంటికి ఆసుపత్రులు? అరవై దాటినాయి. ఇంగెన్నాళ్లు బతకాల?"

ఇంకెలా చెప్పాలో తెలియలేదు. "నాకు మెడ కోస్తారంట అత్తా" అన్నాను. అనేసరికి నాకే ఏడుపొచ్చింది. అప్పటిదాకా ఎవరి ముందూ ఏడవలేదు.

రాట్నం ఆగింది. "నీకాడ ఎవురుంటారు? మీయమ్మ ల్యాకపాయె."

"ఆయన షాపు చూసుకోవాల. పాపకు పరీక్షలు."

కాసేపు దారం వేలికి చుట్టుకుంటూ కూర్చుంది. "సరే. నీకు తోడొస్తా. నన్ను ఎవురికీ సూపియ్యొద్దు."

ఆ మాట మీదే వచ్చింది. పుట్టపర్తిలో మొదటి రోజు టోకెన్ తీసుకుని గంటలు గంటలు కూర్చున్నాం. ఆ గదిలో ఫ్యాన్లు తిరుగుతున్నా గాలి ఉండదు. ఎవరి ఫైలు వాళ్లు ఒళ్లో పెట్టుకుని తలుపు వైపే చూస్తుంటారు. మా పక్కన బుక్కపట్నం నుంచి వచ్చిన ఒకామె కూర్చుంది. వాళ్లాయన చెరువులో చేపలు పడతాడట. అత్త బాత్రూముకు పోబోయి గోడకు తగులుకోవడం చూసి, ఏమీ అడగకుండా లేచి చేయి పట్టుకుని తీసుకుపోయింది. ఆ రోజు మూడుసార్లు అలాగే తీసుకుపోయింది. మధ్యాహ్నానికి అత్తకు తలనొప్పి ఎక్కువై కళ్లు మూసుకుంటే, తన టోకెన్ మా చేతిలో పెట్టింది. "మీరు ముందు పోండి. మాది రేపైనా అయితాది" అంది. మళ్లీ ఆమెను చూడలేదు.

నన్ను చూపించడానికి లోపలికి పోయాం. అత్తను కూడా కుర్చీలో కూర్చోబెట్టేశారు. ఇంక ఆమె తప్పించుకోలేకపోయింది. కళ్ల పరీక్షకు ఒక యంత్రం ముందు గడ్డం ఆనించి కూర్చోబెట్టి, వెలుగు చుక్క కనిపించినప్పుడల్లా మీట నొక్కమన్నారు. అత్త ఎప్పుడో ఒకసారి నొక్కుతోంది.

"అవ్వా, నిద్రపోతున్నావా?" అన్నాడు అక్కడి అబ్బాయి.

"వస్తే గదప్పా నొక్కేది" అంది అత్త.

చివరికి కాగితం మీద రెండు కళ్ల బొమ్మలు వచ్చాయి. రెండిటికీ బయటి వైపు సగం నల్లగా ఉంది. ఎదురుగా ఉన్నది తప్ప పక్కలు ఆమెకు లేవు. తల స్కాన్‌లో గడ్డ కనిపించింది. చూపు నరాల మీద కూర్చుని ఉంది.

డాక్టరమ్మ అత్త ముందు కుర్చీ జరుపుకుని, ఆమె ఎదురుగా ముఖం పెట్టి అంతా చెప్పింది. పాలు రావడం, నెలసరి ఆగడం, పిల్లలు కలగకపోవడం, ఇప్పుడు చూపు, అన్నీ ఈ గడ్డవల్లేనని చెప్పింది. దీనికి కోత అక్కర్లేదని, వారానికి రెండుసార్లు ఒక చిన్న మాత్ర వేసుకుంటే చాలామందికి గడ్డ కరుగుతుందని చెప్పింది.

అత్త మాత్రను అరచేతిలో పెట్టుకుని చూసింది. "ఈ మాత్ర ఎప్పుడు కనిపెట్టినారు తల్లీ?"

డాక్టరమ్మ చేతిలోని పెన్ను బల్ల మీద పెట్టింది.

"నాకు ఇరవై రెండేండ్లప్పుడు ఉండెనా?"

"ఇది కాదమ్మా. ఇలాంటిది వేరేది ఉండేది."

"దానికీ కరిగేదా? పిల్లలు పుడతాండ్రా?"

"చాలామందికి పుట్టారమ్మా."

"ఉండెనా" అంది అత్త. మాత్రను కాగితంలో చుట్టి కొంగుకు ముడేసుకుంది.

అబద్ధం చెప్పి ఉంటే బాగుండేదని ఆ రోజు డాక్టరమ్మ మీద కోపం వచ్చింది. ఇప్పుడు లేదు.

హిందూపురం బస్సు గోరంట్ల దాటాక, అత్త కిటికీ వైపు చూస్తూ తనంతట తానే చెప్పింది.

"నువ్వు పుట్టి ఇరవై దినాలు. మీయమ్మకు జరమొచ్చి పాలెండిపాయె. నువ్వు ఒకటే ఏడుపు. నా రైకేమో తడుస్తాండె. గొడ్రాలికి పాలేంది, ఇది అరిష్టమని మా అత్తగారోళ్లు అప్పటికే తరిమేసిండ్రి. ఆ పొద్దు ఇంట్లో ఎవురూ ల్యాకుంటే నిన్నెత్తుకుని రొమ్ముకు పెట్టుకుంటి. రెండు గుక్కలు తాగింటావో లేదో. మీయమ్మ సూసింది. నా బిడ్డను సంపుతాండావని సీపురుకట్ట తిరగేసింది. మీ నాయన ఆడనే ఉండి అడ్డం రాలే. మర్నాడు ధర్మవరం బండెక్కినా."

నేను ఆమె చేయి పట్టుకున్నాను. వదిలించుకోలేదు, తిరిగి పట్టుకోనూ లేదు.

"మీయమ్మను అననులే. అట్లాంటి పాలు యా తల్లి తాపనిస్తాది? నేనే నాకు దయ్యం పట్టిందనుకుంటి ఇన్నేండ్లు" అంది. "గింజంత గడ్డంట."

ఆ వేసవిలో నాకు ఆపరేషన్ అయింది. మూడున్నర గ్రంథులు తీసేసి సగం ఉంచారు. కోత నొప్పి పెద్దగా గుర్తు లేదు. మూడో రోజు గుర్తుంది. పెదాల చుట్టూ చీమలు పాకినట్టయింది, తర్వాత వేళ్లు కొంకర్లు పోయాయి. విప్పుదామంటే రావడం లేదు. గొంతు బొంగురుపోయి కేక రాలేదు. ఇన్నాళ్లూ ఎక్కువైన కాల్షియం ఒక్కసారిగా పడిపోయిందట. చచ్చిపోతున్నాననుకున్నాను. అత్త నా ముఖాన్ని తడిమి, వేళ్లను తడిమి, గోడ పట్టుకుని వరండాలోకి పోయి అరిచింది. "నా బిడ్డకు సేతులు పోతాండాయి, రండప్పా!" నర్సులు పరిగెత్తుకొచ్చి సూది వేశారు. వేళ్లు విచ్చుకునేదాకా అత్త వాటిని తన అరచేతుల్లో రుద్దుతూనే ఉంది. నా బిడ్డ అన్న మాట మాత్రం మేమిద్దరం మళ్లీ ఎత్తలేదు.

ఆమె ధర్మవరం తిరిగి పోలేదు. మా ఇంట్లోనే ఉండిపోయింది. మాత్రలకు గడ్డ సగానికి తగ్గింది. ఎడమ కంటికి చూపు కొంత వచ్చింది. కుడి కన్ను రాలేదు. ఆలస్యమైందన్నారు.

జబ్బు వంశంలో దిగిందేనా అని చూడ్డానికి బెంగళూరుకు పంపిన నా నెత్తురు రిపోర్టు వచ్చింది. జబ్బు అదేనని తేలింది. ఇంక రెండు పనులు మిగిలాయి. హర్షితకు చేయించాలి. పెనుకొండలో ఉన్న మా తమ్ముడు రమేశ్‌కు చెప్పాలి.

హర్షితకు అప్పుడు పదమూడేళ్లు. రిపోర్టు రోజు మా ఆయన కవరు చించలేక నాకిచ్చారు. దానికీ ఉంది. కాల్షియం అప్పటికే కొంచెం పెరిగి ఉంది. అది గదిలోకి పోయి తలుపేసుకుంది. మర్నాడు బయటికి వచ్చి నన్ను కాదు, అత్తను అడిగింది.

"అవ్వా, నొప్పి ఎట్లుంటుంది?"

అత్త దాచలేదు. రాళ్ల నొప్పి చెప్పింది, తలనొప్పి చెప్పింది, పిల్లలు లేకపోవడం చెప్పింది. అన్నీ చెప్పి, "నీకు రాకముందే సూస్తాండారు. నాకు సూసేటోళ్లు ల్యాకపాయె. అంతే మే తేడా" అంది. నేను నెల రోజులుగా తయారు చేసుకున్న మాటలేవీ ఆ పిల్లకు అవసరం రాలేదు. అయినా చాలా రోజులు నాతో సరిగా మాట్లాడలేదు. నా నుంచి వచ్చిందని దానికి తెలుసు. నాకూ తెలుసు.

రమేశ్ పెనుకొండ దగ్గరి కార్ల ఫ్యాక్టరీకి కార్మికులను చేరవేసే బస్సు నడుపుతాడు. నేను పోయి కాగితాలు ముందు పెడితే తిరగేసి కూడా చూడలేదు.

"నాకేం లేదక్కా. కడుపుమంట ఎవురికి లేదు? మాత్ర ఏసుకుంటాండా, తగ్గుతాండాది."

"రోజుకు ఎన్నిసార్లు బయటికి పోతున్నావు? ఎంత చిక్కిపోయావో చూసుకున్నావా?"

"అక్కా, ఏడాదికొకసారి నాకు ఫిట్‌నెస్ సూస్తారు. గడ్డలు పుట్టే జబ్బని కాగితం మీద పడితే స్టీరింగ్ ఇస్తారా? నా బిడ్డలు ఏం తినాల?" కాగితాలు పక్కకు నెట్టి, "ఓబుళత్తను ఇంట్లో పెట్టుకున్నావంట. అమ్మ ఉంటే ఒప్పునా?" అన్నాడు.

"అమ్మకు తెలియదురా. నాకూ తెలియదు. ఇప్పుడు తెలిసింది."

"నాకు తెలియొద్దు" అన్నాడు.

ఆ తర్వాత పద్నాలుగు నెలలు ఫోన్ ఎత్తలేదు. అడిగి అడిగి నేనూ అలిసిపోయాను. నిజం చెప్పాలంటే, నా మాత్రలు, హర్షిత పరీక్షలు, అత్తకూ నాలాగే గ్రంథులు ఉబ్బాయని తేలి చేయించిన మెడ ఆపరేషన్, వీటిలో పడి వాడిని వదిలేశాను. ఈ ముక్క రాయడానికి రెండు రోజులు పట్టింది.

కిందటి ఏడాది కార్తీకంలో రమేశ్ భార్య ఫోన్ చేసింది. నల్లగా వాంతి చేసుకున్నాడని, ఆసుపత్రి మాటెత్తితే అరుస్తున్నాడని ఏడ్చింది. ఫోన్ పెట్టగానే అత్త చెప్పులు వెతుక్కుంటోంది.

"నేను పోతా. నా మాట ఇన్నా ఇనకున్నా, నా మొగం సూస్తాడు" అంది.

హిందూపురంలో రైలెక్కి పెనుకొండలో దిగాం. రమేశ్ ఇంటి గడప ముందు అత్త ఆగిపోయింది. రమేశ్ భార్య వచ్చి చేయి పట్టుకుని లోపలికి తీసుకుపోయింది. వాడు మంచం మీద ఉన్నాడు. అత్త మెడ తిప్పి వాడి ముఖం వెతుక్కుని ఎదురుగా కూర్చుంది.

"మీ నాయనకు ఎన్నేండ్లప్పుడు పాయె?"

"నలభై రెండు."

"నీకెన్ని?"

"ముప్పై ఏడు."

"మీ నాయన కూడా మంటే గదా అనె. నీ మాదిరే." వాడు ముఖం తిప్పుకున్నాడు. ఆమె ఆపలేదు. "స్టీరింగ్ పోతే ఇంగొక పని దొరుకుతాది రమేశా. మీ నాయనకు పోయింది స్టీరింగ్ గాదు."

ఆ మధ్యాహ్నమే పుట్టపర్తికి తీసుకుపోయాం. కడుపులో పుండు నెత్తురు కారుతోంది. దాన్ని ఆపారు. క్లోమంలో గడ్డలు కనిపించాయి. కాలేయంలో కూడా మచ్చలు పడ్డాయి. కోసి తీసేసే దశ దాటిందని, నెలకొక ఇంజెక్షన్‌తో అదుపులో పెట్టవచ్చని డాక్టరమ్మ చెప్పింది. ఎన్నాళ్లు అని నేను విడిగా అడిగాను. కొందరు చాలా ఏళ్లు బతుకుతారంది. అంతకుమించి చెప్పలేదు. ఏడాది ముందు వచ్చుంటే అని కూడా అడిగాను. దానికి జవాబు చెప్పింది. ఆ జవాబు నా దగ్గరే ఉంది.

ఇది చదివేవాళ్లకు ఒక్కటే చెప్పగలను. ఇంట్లో పెద్దవాళ్లు ఎలా పోయారో అడగండి. పిల్లలు లేనివాళ్లకు ఎందుకు లేరో, సిగ్గు వదిలి, మర్యాదగా అడగండి. మా ఇంట్లో ఆ మాటలు నలభై ఏళ్లు నాలుగు చోట్ల విడివిడిగా ఉన్నాయి. వాటిని ఒక కాగితం మీద పెట్టడానికి డాక్టరమ్మకు పావుగంట పట్టింది. పరీక్షలో ఉందని తేలితే భయం పోదు. నాకు పోలేదు. క్లోమంలో నాకూ రెండు చిన్న గడ్డలున్నాయి, ఆరు నెలలకొకసారి కొలుస్తారు. ఆ వారం మా ఇంట్లో ఎవరూ గట్టిగా మాట్లాడరు.

రమేశ్ మొదటి ఇంజెక్షన్ రోజు మేం ముగ్గురం వరండాలో కూర్చున్నాం. ఫ్యాక్టరీ బస్సు అప్పటికే వేరేవాళ్లకు ఇచ్చేశారు. వాడు నేల చూస్తూ అడిగాడు.

"అక్కా, నువ్వు చెప్పినపుడే వచ్చింటే?"

నాకు తెలుసు. ఒళ్లోని ఫైలు సర్దుకున్నాను.

నా అవతలి వైపు నుంచి అత్త అంది. "ఆ లెక్క ఏసుకోవాకు నాయనా. నేనేసి సూసినా. తేలదు."

లోపల ఎవరి పేరో పిలిచారు, అది వాడిది కాదు. తర్వాత, "పిల్లల్ని ఎప్పుడు తీసకరావాల?" అన్నాడు.

"సోమవారం" అన్నాను.

సోమవారం పొద్దున మొదటి బస్సుకే ఇద్దరినీ తీసుకొచ్చాడు. నెల తర్వాత రిపోర్టు వచ్చింది. పెద్దవాడికి లేదు. ఆరేళ్ల పాపకు ఉంది. రమేశ్ కాగితం మడిచి జేబులో పెట్టుకుని, కాల్షియం ఎలా ఉందని అడిగాడు. డాక్టరమ్మ మామూలుగా ఉందంది. కడుపులో, తలలో ఏమీ లేదంది. పాపకు ఏ గడ్డా ఇంకా మొదలు కాలేదు. మా ఇంట్లో జబ్బు రాకముందే దాని అసలు పేరు తెలిసిన మొదటి మనిషి ఆ పాపే.